ఉన్న డబ్బుకి ఏ రోడ్డు ముందు?

రోడ్ల నిర్వహణ మీద ఇంజనీర్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.

అందరికీ నమస్కారమండీ. వెనక వరసలకి వినపడుతోంది కదా? సరే.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. బోర్డు మీద రాస్తాను, మీరూ కాగితం మీద రాసుకోండి, ఈ పూటంతా దీని చుట్టూనే తిరుగుతాం. ఒక సబ్‌డివిజన్, ఐదు రోడ్లు, మూడు కోట్లు. అంటే 300 లక్షలు. ఐదింటికీ చాలదు. ఎప్పుడు చాలింది గనక!

‘క’ రోడ్డు రెండు కిలోమీటర్లు. పూర్తిగా పోయింది. పీసీఐ, అదే రోడ్డు ఎంత బాగుందో చెప్పే మన కండిషన్ ఇండెక్స్, వందకి 20. బేస్, అంటే రోడ్డుని మోసే కింది పొర, అక్కడిదాకా తవ్వి మళ్లీ వేయాలి. కిలోమీటరుకి కోటి, మొత్తం 200 లక్షలు. రోజుకి వెయ్యి బండ్లు తిరుగుతాయి. ‘చ’ రోడ్డు ఐదు కిలోమీటర్లు, పీసీఐ 55. పైన పగుళ్లు పాకాయి గానీ కింద బేస్ గట్టిగానే ఉంది, ఓవర్‌లే, అంటే పైన ఇంకో తారు పొర, వేస్తే నిలబడుతుంది. కిలోమీటరుకి 30 లక్షలు, మొత్తం 150. మూడు వేల బండ్లు. ‘ట’ ఆరు కిలోమీటర్లు, పీసీఐ 75. సన్న పగుళ్లు ఇప్పుడే మొదలయ్యాయి, మైక్రో సర్ఫేసింగ్, అంటే పైన పలచని పూత, చాలు. కిలోమీటరుకి 8 లక్షలు, మొత్తం 48. రెండున్నర వేల బండ్లు. ‘త’ మూడు కిలోమీటర్లు, పీసీఐ 52, ఓవర్‌లే 90 లక్షలు, పదిహేను వందల బండ్లు. ‘ప’ ఐదు కిలోమీటర్లు, పీసీఐ 72, మైక్రో సర్ఫేసింగ్ 40 లక్షలు, వెయ్యి బండ్లు. అన్నీ కలిపితే 528 లక్షలు. చేతిలో ఉన్నది 300.

ఈ రేట్లు లెక్క తేలిగ్గా ఉండాలని నేను వేసుకున్నవి. మీ ఎస్‌ఎస్‌ఆర్, అదే శాఖ రేట్ల పట్టిక, దాని ప్రకారం మార్చుకోండి, పద్ధతి మారదు.

ఇప్పుడు చెప్పండి, ఏది ముందు? ‘క’ అంటున్నారు. అవును, అందరూ ‘క’ అనే అంటారు. పేపర్లో ఫొటో పడేది దానిదే, ఎమ్మెల్యేగారి దగ్గర్నుంచి ఫోను వచ్చేది దాని గురించే, గ్రీవెన్స్‌లో అర్జీలన్నీ దాని మీదే. సరే, 200 లక్షలు దానికి పోయాయి. తర్వాత బాగా పాడైంది ‘త’, దానికి 90. పది లక్షలు మిగిలాయి, అవి మిగతా దేనికీ చాలవు. ‘చ’, ‘ట’, ‘ప’ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇందులో తప్పేముంది? అది చెప్పాలంటే ముందు లాభాన్ని కొలవాలి. ఎలా కొలుస్తాం? ఒక్కో రోడ్డుకి రెండు గీతలు గీయండి. కింద గీత, ఏమీ చేయకపోతే పదేళ్లలో పీసీఐ ఎలా పడిపోతుందో. పై గీత, ఈ పని చేస్తే ఎలా ఉంటుందో. రెండు గీతల మధ్య ఉన్న వైశాల్యమే ఆ పని మనకిచ్చేది. దాన్ని కిలోమీటర్లతో, రోజుకి తిరిగే వేల బండ్లతో గుణించండి. తిరిగి వేసిన రోడ్డుకి సగటున ఏడాదికి 65 పాయింట్లు లాభం అనుకుంటే పదేళ్లకి 650. ఓవర్‌లేకి 400. మైక్రో సర్ఫేసింగ్‌కి 150. అప్పుడు ‘క’ కి 650 ఇంటూ రెండు కిలోమీటర్లు ఇంటూ ఒకటి, 1,300. ‘చ’ కి 400 ఇంటూ ఐదు ఇంటూ మూడు, 6,000. ‘ట’ కి 2,250. ‘త’ కి 1,800. ‘ప’ కి 750.

పాడైంది ముందు అన్న పద్ధతిలో ‘క’, ‘త’ చేశాం. వచ్చింది 3,100. అదే డబ్బుతో ‘చ’, ‘ట’, ‘త’ చేస్తే? 288 లక్షల ఖర్చు, లాభం 10,050. మూడు రెట్లకి పైన. ఒక్క రూపాయి ఎక్కువ తేలేదు. టెండర్లో ఎవర్నీ బతిమాలలేదు. వరస మార్చాం, అంతే.

‘క’ రోడ్డు మీద మనకేం పగ లేదండీ. కానీ ఒక మాట ఆలోచించండి. పూర్తిగా పోయిన రోడ్డు ఇంకా పోవడానికి ఏముంది? ఈ ఏడు చేసినా 200 లక్షలే, మూడేళ్లాగి చేసినా, రేట్లు పెరిగినంత తీసేస్తే, 200 లక్షలే. ‘చ’ అలా కాదు. ఇవాళ 150 లక్షలతో తేలుతుంది. నాలుగు వానాకాలాలు పగుళ్లలోంచి నీళ్లు బేస్‌లోకి దిగాయా, అది కూడా తిరగ వేయాల్సిన రోడ్డే. ఐదు కిలోమీటర్లు, ఐదు కోట్లు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. పాడైంది ముందు అనే పద్ధతి ప్రతి ఏడూ ఒక ‘క’ ని బాగుచేసి, ఒకటో రెండో ‘చ’ లని కొత్త ‘క’ లుగా తయారు చేస్తుంది. బడ్జెట్ ఎంత పెంచినా రోడ్లు అలాగే ఉన్నాయని అంటారే, అందులో సగం కారణం ఇక్కడుంది.

సరే, అయితే రూపాయికి ఎక్కువ లాభం ఇచ్చేవాటిని పైనుంచి వరసగా ఏరుకుంటూ వెళ్తే సరిపోదా? దీనికి పెద్ద గణితం ఎందుకు? మంచి ప్రశ్నే. ఎందుకు సరిపోదో చూపిస్తాను.

‘త’ రోడ్డుకి ఇంకో దారి కూడా ఉంది. ఓవర్‌లే కాకుండా ప్యాచ్‌లు వేసి మైక్రో సర్ఫేసింగ్ చేయొచ్చు. 24 లక్షలు, లాభం 600. లక్షకి 25 చొప్పున. ఓవర్‌లే అయితే 90 లక్షలకి 1,800, లక్షకి 20. కాబట్టి లక్షకి ఎంత అని చూసుకుంటూ పోయేవాడు ఏం చేస్తాడు? ముందు ‘ట’, లక్షకి దాదాపు 47. తర్వాత ‘చ’, లక్షకి 40. తర్వాత ‘త’ కి మైక్రో సర్ఫేసింగ్, 25. తర్వాత ‘ప’, పద్దెనిమిది ముప్పావు. మొత్తం 262 లక్షలు, లాభం 9,600. మిగిలిన 38 లక్షలు దేనికీ చాలక మార్చి 31న వెనక్కి పోతాయి. ‘త’ కి ఓవర్‌లే పెట్టి ‘ప’ ని వదిలేస్తే 10,050 వచ్చేది. ఒక్కొక్క అడుగూ తెలివిగానే వేశాడు, చివరికి 450 పోగొట్టుకున్నాడు. ఐదు రోడ్లకే ఇలా ఉంటే ఐదు వందల రోడ్లకి?

అందుకే అన్నిట్నీ ఒకేసారి చూసే పద్ధతి కావాలి. దాన్ని రాయడం చాలా తేలిక, భయపడకండి. ప్రతి రోడ్డుకీ, దానికి చేయదగ్గ ప్రతి పనికీ ఒక గడి పెట్టండి. ఆ పని చేస్తే గడిలో 1, చేయకపోతే 0. మధ్యలో ఏదీ లేదు, సగం ఓవర్‌లే అంటూ ఉండదు. మొదటి షరతు, ఒక రోడ్డుకి గడులన్నీ కలిపితే సరిగ్గా 1 రావాలి. ‘ఏమీ చేయకుండా వదిలేయడం’ కూడా ఒక గడే, దాన్ని మరిచిపోకండి, చాలామంది మరిచిపోయేది అదే. రెండో షరతు, గడి ఇంటూ ఖర్చు, అన్నీ కలిపితే బడ్జెట్ దాటకూడదు. లక్ష్యం, గడి ఇంటూ లాభం, అన్నీ కలిపి వీలైనంత ఎక్కువ. మూడే వాక్యాలు. మిగతాదంతా దీనికి తగిలించే షరతులే.

మన ఐదు రోడ్లకి ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చు? ‘త’ కి మూడు దారులు, మిగతా నాలుగింటికీ తలా రెండు. మొత్తం 48. చేత్తో వేసేయొచ్చు, ఇంటికెళ్లి వేసి చూడండి. మూడు వందల రోడ్లు, రోడ్డుకి నాలుగు దారులు అయితే? ఆ సంఖ్యకి 181 అంకెలు ఉంటాయి. అన్నీ వేసి చూడటం ఏ కంప్యూటరు వల్లా కాదు. కానీ సాల్వర్, అంటే ఇలాంటి లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేర్, అన్నీ వేయదు. 0, 1 అనే షరతుని కాసేపు సడలించి, సగాలూ పావులూ ఒప్పుకుని ముందు ఒక పై హద్దు తెలుసుకుంటుంది. తర్వాత కొమ్మలు కొమ్మలుగా విడదీసి, ఆ హద్దుని బట్టి పనికిరాని కొమ్మల్ని మొత్తంగా కొట్టేస్తుంది. మూడు వందల రోడ్ల లెక్క మామూలు ల్యాప్‌టాప్‌లో సెకన్లలో వస్తుంది. ఎక్సెల్‌తో పాటు వచ్చే సాల్వర్‌కి 200 గడుల పరిమితి ఉంది, అంటే యాభై రోడ్లకే నిండిపోతుంది. సీబీసీ, హైజ్ లాంటి సాల్వర్లు ఉచితం, పైథాన్ నుంచి నడిపించొచ్చు. ఇంకో సంగతి. సాల్వర్ ‘నూటికి ఒక శాతం లోపు తేడాతో దొరికింది’ అని చెప్తే అక్కడ ఆపేయండి. మన పీసీఐ అంకెల్లోనే పది శాతం తేడా ఉంటుంది, ఆఖరి ఒక్క శాతం కోసం రాత్రంతా మెషీను నడపడం దేనికి?

ఇక నా దృష్టిలో అసలైన ఉపయోగం ఇప్పుడు చెప్తాను. జాబితా కాదండీ అసలు ఉపయోగం. షరతు ఖరీదు చెప్పగలగడం.

పైనుంచి ఆదేశం వచ్చింది, ‘క’ రోడ్డు చేసి తీరాలి అని. చాలా బాగుంది. ‘క’ గడిలో 1 అని కట్టేసి మళ్లీ నడపండి. 200 అక్కడికి పోయాయి, మిగిలిన వందలో ‘ట’, ‘ప’ పడతాయి. 288 లక్షలు, మొత్తం లాభం 4,300. అంతకుముందు 10,050. తేడా 5,750. అంటే ఆ ఒక్క మాట ఖరీదు, ‘చ’ రోడ్డు మీద పదేళ్లలో రావలసిన లాభం దాదాపు అంతా. ఇప్పుడు మీరు ‘కుదరదు సార్’ అనాల్సిన అవసరం లేదు. ‘చేస్తాం సార్, దీని బదులు ఇది వదులుకోవాలి’ అని అంకె ముందు పెట్టొచ్చు. ఆ రోడ్డు ఒక ఊరికి ఉన్న ఒకే ఒక్క దారి అనుకోండి, ఆసుపత్రికి అటే వెళ్లాలి అనుకోండి, అయినా చేద్దామని వాళ్లు నిర్ణయించవచ్చు. అది వాళ్ల పని, ఒక్కోసారి అదే సరైన పని కూడా. ఖరీదు తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు.

ఇంకోటి గమనించారా? మన మంచి జాబితాలో 12 లక్షలు మిగిలాయి. ‘క’ రోడ్డుకి కిలోమీటరుకి ఆరు లక్షలు చొప్పున పెద్ద గుంతలు వెట్‌మిక్స్‌తో, అదే తడి కంకర మిశ్రమంతో, పూడ్చి, పైన ప్యాచ్ వేసి, పక్క కాలవలో పూడిక తీస్తే సరిగ్గా 12. కండిషన్ ఏమీ పెరగదు, కానీ ఆటో పోతుంది, అంబులెన్సు పోతుంది, తిరగ వేయడానికి డబ్బు వచ్చేదాకా బండి నడుస్తుంది. ఇలాంటి ‘నిలబెట్టి ఉంచే పని’ ని కూడా ఒక గడిగా ముందే పెట్టండి. అది లేకపోతే మోడల్, అంటే మన ఈ గడుల లెక్క, పాడైన రోడ్లని గాలికి వదిలేస్తుంది, మీరు జనం ముందుకు వెళ్లలేరు.

బడ్జెట్ వైపు కూడా ఇదే పని చేయొచ్చు. ఇంకో 28 లక్షలు ఇస్తే? 328 అవుతుంది, ‘ప’ కూడా పడుతుంది, లాభం 750 పెరుగుతుంది. నిధులు అడిగేటప్పుడు ‘చాలడం లేదు’ అని రాస్తే ఎవరూ చదవరు. ‘ఈ 28 లక్షలు ఇస్తే ఈ ఐదు కిలోమీటర్లకి ఇది ఒరుగుతుంది’ అని రాస్తే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇప్పటిదాకా ఒక్క ఏడాది లెక్క వేశాం. కానీ రోడ్డు ఒక్క ఏడాదితో అయిపోదు. పెద్ద నెట్‌వర్క్‌కి రోడ్డు రోడ్డుగా కాకుండా స్థితులుగా చూడటం ఒక పద్ధతి. వెయ్యి కిలోమీటర్లు ఉన్నాయి. 500 బాగున్నాయి, 300 మధ్యస్థం, 200 పాడైనవి. ఏమీ చేయకపోతే ఏడాదిలో బాగున్నవాటిలో 20 శాతం మధ్యస్థానికి జారతాయి, మధ్యస్థంలో 30 శాతం పాడైనవాటిలోకి జారతాయి అనుకుందాం. వచ్చే ఏడాదికి 400, 310, 290. ఆ పై ఏడాదికి 320, 297, 383. మొదటి ఏడాది 90 కిలోమీటర్లు పాడైనవాటిలోకి పడ్డాయి. అవి పడకముందు ఓవర్‌లే వేస్తే కిలోమీటరుకి 30 లక్షలు చొప్పున 27 కోట్లు. పడ్డాక తిరగ వేస్తే 90 కోట్లు. ఈ జారుడు శాతాల పట్టికని మార్కోవ్ పట్టిక అంటారు. ఏ స్థితిలో ఉన్న రోడ్లలో ఎంత శాతానికి ఏ పని చేయాలి అన్నదాన్ని తెలియని రాశిగా పెడితే లీనియర్ ప్రోగ్రామింగ్ అవుతుంది, అంటే షరతులు దాటకుండా అన్నిటికన్నా మంచి జవాబు వెతికే లెక్క.

ఇది పుస్తకాల్లో మాట కాదు. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం 1980లోనే దీన్ని అమల్లో పెట్టింది. 7,400 మైళ్ల నెట్‌వర్క్. కమల్ గోలాబీ, రామ్ కులకర్ణి, అక్కడి రవాణా శాఖ నుంచి జార్జ్ వే కలిసి చేశారు. రోడ్డు స్థితిని దేంతో చెప్పారు? ఎంత గరుకుగా ఉంది, ఎంత పగిలింది, పోయిన ఏడాదిలో పగుళ్లు ఎంత పెరిగాయి, చేసిన పనిని బట్టి మొదటి పగులు ఎప్పుడు రావొచ్చు. ఈ నాలుగూ కలిపి 120 స్థితులు. ట్రాఫిక్‌నీ, ప్రాంతపు వాతావరణాన్నీ బట్టి తొమ్మిది రకాల రోడ్లు. మామూలు మెయింటెనెన్స్ నుంచి పెద్ద పని దాకా పదిహేడు రకాల పనులు. మూడో అంశం చూడండి, పోయిన ఏడాది పెరిగిన పగుళ్లు. ఇవాళ ఒకేలా కనిపించే రెండు రోడ్లలో ఒకటి నెమ్మదిగా పాడవుతోంది, ఒకటి పరిగెడుతోంది. మన రిజిస్టర్లలో ఆ తేడా ఎక్కడైనా ఉందా? పోయిన ఏడాది అంకె పక్కన ఉంటేనే కదా తెలిసేది!

వాళ్లు లెక్కని తిరగేసి వేశారు. ఇంత డబ్బుంది, ఏం వస్తుంది అని కాదు. కనీసం ఇంత శాతం రోడ్లు బాగుండాలి, ఇంత శాతానికి మించి పాడై ఉండకూడదు, దానికి అతి తక్కువ ఖర్చెంత అని. మొదటి ఏడాది, 1980–81లో, 14 మిలియన్ డాలర్లు మిగిలాయి. అది ఆ ఏటి పరిరక్షణ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు. తర్వాతి కొన్నేళ్లకి 101 మిలియన్లు మిగులుతాయని అంచనా వేశారు. 1982లో మేనేజ్‌మెంట్ సైన్స్ రంగంలో పెద్ద అవార్డు వచ్చింది, ఇప్పుడు దాన్నే ఎడెల్‌మన్ అవార్డు అంటున్నారు.

డబ్బు ఎక్కడ మిగిలింది? ఇదే అసలు చూడాల్సింది. అంతకుముందు అక్కడ ఐదంగుళాల ఓవర్‌లే వేయడం మామూలు. మందం ఎక్కువైతే మంచిదే కదా అనుకునేవారు. అంకెలు కూర్చి చూస్తే, మూడంగుళాలు వేసిన రోడ్డుకీ ఐదంగుళాలు వేసిన రోడ్డుకీ పాడయ్యే వేగంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూడుకి దిగారు. రెండోది, బాగా పాడయ్యేదాకా ఆగకుండా ముందే తేలికపాటి పని చేయడం మొదలుపెట్టారు. సాల్వర్ కన్నా ముందు, డేటా చేసిన మేలు అది. అలాగని రేపట్నుంచి మీరూ మందం తగ్గించేయకండి! వాళ్ల నేల వేరు, ఎండ వేరు, బండ్లు వేరు. మన నల్లరేగడి మీద ఆ లెక్క మళ్లీ మొదట్నుంచి వేసుకోవాలి.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. జవాబు ‘ఈ స్థితిలో ఉన్న రోడ్లలో 60 శాతానికి ఓవర్‌లే, 40 శాతం వదిలేయండి’ అని రావొచ్చు. ఏ 60 శాతం? మోడల్ చెప్పదు. అక్కడ మళ్లీ మనం మొదట వేసిన 0, 1 లెక్కకి రావాలి. పైన నెట్‌వర్క్ లెక్క, కింద రోడ్ల లెక్క, రెండూ కావాలి.

ఇప్పుడు తప్పులు ఎక్కడ వస్తాయో చూద్దాం. ఇది కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే మోడల్ చెడేది గణితంలో కాదు, ఇక్కడే.

మొదటిది కొలత. ఒకే కిలోమీటరుని ఒక ఏఈ, అదే అసిస్టెంట్ ఇంజనీరు, 62 అని రాస్తారు, పక్క సెక్షన్ ఏఈ 50 అంటారు. ఒకరి దృష్టిలో మైక్రో సర్ఫేసింగ్, ఒకరి దృష్టిలో ఓవర్‌లే. ఖర్చు నాలుగు రెట్లు మారిపోయింది. అందరూ ఒకే సీజన్లో, వానలు తగ్గాక నవంబరు, డిసెంబరులో కొలవాలి. పదో వంతు రోడ్లని వేరే బృందంతో మళ్లీ కొలిపించాలి. నెట్‌వర్క్ సర్వే వెహికల్, అంటే రోడ్డు స్థితిని యంత్రాలతో కొలిచే బండి, ఉంటే మంచిదే, లేకపోతే ఇదైనా చేయాలి. నిధులు అంకెని బట్టి వస్తాయని తెలిసిన రోజు నుంచి అంకెలు కిందికి దిగడం మొదలవుతుంది, అది కూడా మనసులో పెట్టుకోండి.

రెండోది, పాడయ్యే వేగం. హెచ్‌డీఎం-4 వాడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. రోడ్లు ఎలా పాడవుతాయో లెక్కగట్టడానికి, ప్రపంచ బ్యాంకు చేయించిన అధ్యయనాల మీద పెరిగిన సాఫ్ట్‌వేర్ అది. కెన్యా, కరీబియన్, బ్రెజిల్‌తో పాటు మన దేశపు అధ్యయనం కూడా దాని వెనక ఉంది. కానీ అందులో కాలిబ్రేషన్ గుణకాలన్నీ, అంటే మన రోడ్లకి తగ్గట్టు సరిదిద్దుకోవాల్సిన అంకెలన్నీ, 1.0 గానే వదిలేసి నడిపితే, వచ్చేది ఎవరి రోడ్డు కథో తెలియదు. కనీసం పగుళ్లు మొదలయ్యే కాలం, గరుకు పెరిగే వేగం, ఈ రెండైనా మీ రోడ్లతో సరిచూసుకోండి.

బండ్ల విషయం. లాభం లెక్కకి ఎన్ని బండ్లో కావాలి, జనం అనుభవించేది అదే కాబట్టి. పాడయ్యే వేగానికి మాత్రం ఇరుసు బరువు కావాలి. రెండూ కలపకండి. ఇరుసు బరువు పెరిగితే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. దానికి ఒకటిన్నర రెట్లు బరువున్న ఇరుసు ఐదు ఇరుసులంత నష్టం చేస్తుంది. క్వారీ నుంచి టిప్పర్లు దిగే రోడ్డు మీద బండ్ల సంఖ్య తక్కువే ఉంటుంది, రోడ్డు మాత్రం రెండేళ్లలో లేచిపోతుంది.

మూడోది, సగటు అనే మాయ. మొత్తం లాభం ఎక్కువ రావాలి అని మాత్రమే చెప్తే, ట్రాఫిక్ తక్కువున్న ఊళ్ల రోడ్లకి పదేళ్లయినా వంతు రాదు. మోడల్ తప్పు కాదు, మనం అడిగింది అదే. తండాలకీ, మారుమూల ఊళ్లకీ విడిగా ఒక వాటా పెట్టండి, లేదా ఏ ఊరి దారీ ఫలానా పీసీఐ కన్నా కిందికి పోకూడదని నేల గీత గీయండి. తర్వాత ఆ షరతు ఖరీదెంతో చూసుకోండి. పీఎంజీఎస్‌వై, అదే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, రోడ్లకి మొదటి ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టులోనే ఉంటుంది కాబట్టి ఆ ఐదేళ్లు వాటికి విడిగా పని పెట్టనక్కర్లేదు, ఆ సొమ్ము మాత్రం రాష్ట్రమే కట్టాలి. కానీ ఒకే ఏడాది వేసిన రోడ్లన్నీ ఆరో ఏట ఒక్కసారిగా మన నెత్తిన పడతాయి, దాన్ని ముందే పట్టికలో చూపించాలి. హైదరాబాదులో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లని ఐదేళ్లకి ఏజెన్సీలకి ఇచ్చారు కదా, అలాంటి కాంట్రాక్టు ఉన్నచోట కట్టాల్సిన సొమ్ము ముందే తేలిపోయింది. బడ్జెట్‌లోంచి దాన్ని తీసేసి మిగిలినదాన్నే సాల్వర్‌కి ఇవ్వాలి.

నాలుగోది, చెల్లాచెదురు పనులు. సాల్వర్‌కి కాంట్రాక్టరు కష్టం తెలియదు. ఇక్కడ 600 మీటర్లు, నలభై కిలోమీటర్ల అవతల ఇంకో 800 మీటర్లు ఇస్తుంది. వీజీ-30 రకం తారుతో మిక్స్ ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల దగ్గర తయారవుతుంది, పరిచేటప్పుడు కనీసం 140 ఉండాలి, రోలింగ్ 90 కి దిగేలోపు అయిపోవాలి. దూరం పెరిగేకొద్దీ అది కుదరదు, లీడ్ ఖర్చూ, అదే మోసుకెళ్లే ఖర్చూ, పెరుగుతుంది. కాబట్టి ఒక్కో క్లస్టరుకి ‘ఇక్కడ ఈ ఏడు పని ఉందా’ అనే గడి పెట్టి, దానికి ప్లాంటు, తారు పరిచే పేవరు తరలింపు ఖర్చు ఒక్కసారి తగిలించండి. ఆ గడి 1 అయితేనే అక్కడి రోడ్ల గడులు 1 కావాలి. పనులు వాటంతటవే ఒకచోటికి చేరతాయి.

అలాంటి ముడులు ఇంకా రెండు. పక్క కాలవ బాగుచేయనిదే ఓవర్‌లే గడి 1 కాకూడదు. నీళ్లు నిలిచే రోడ్డు మీద ఎంత మందం వేసినా వానాకాలానికి ముందు ఫొటో, తర్వాత ఫొటో తేడా మీకు తెలుసు. రెండోది, వచ్చే రెండేళ్లలో పైపులైను తవ్వకం ఉన్న రోడ్డుకి ఓవర్‌లే సున్నా అని కట్టేయండి. ఆ శాఖ నుంచి జాబితా తెప్పించుకోవడం ఒక ఉత్తరం పని.

ఐదోది, ఆఖరి ఏడాది మోసం. ఐదేళ్ల లెక్క వేస్తే, ఐదో ఏడు తర్వాత ప్రపంచమే లేదనుకుంటుంది మోడల్. చివరి రెండేళ్లు తేలికపాటి పనులు చేసి సరిపెడుతుంది. ఐదో ఏడు చివర నెట్‌వర్క్ ఇప్పటికన్నా తక్కువ స్థితిలో ఉండకూడదని ఒక షరతు పెట్టండి, లేదా పదేళ్లకి లెక్క వేసి మొదటి ఐదేళ్లే వాడుకోండి.

ఇంకొకటి, మనవాళ్లు మోడల్‌ని నమ్మకపోవడానికి ముఖ్య కారణం ఇది. మన ఐదు రోడ్ల లెక్కకే మళ్లీ రండి. బడ్జెట్ 262 లక్షలు అనుకోండి. మంచి జాబితా ఏది? ‘చ’, ‘ట’, ‘త’ కి మైక్రో సర్ఫేసింగ్, ‘ప’. ఇప్పుడు బడ్జెట్ 300 కి పెరిగింది. ‘త’ కి ఓవర్‌లే వచ్చింది, ‘ప’ జాబితాలోంచి పోయింది! డబ్బు పెరిగితే మా రోడ్డు తీసేశారేంటి అని ‘ప’ ఊరివాళ్లు అడిగితే ఏం చెప్తారు? గణితం ప్రకారం అది తప్పు కాదు, కానీ ఆఫీసులో కూర్చుని సమర్థించలేం. అందుకని ఒకసారి ప్రకటించిన రోడ్డుని తీసేయడానికి ఒక జరిమానా పెట్టి నడపండి. 750 లాభం ఉన్న రోడ్డుని 450 కోసం తీసేయడం అంత అవసరమా అని అప్పుడు మోడలే వెనక్కి తగ్గుతుంది.

ఎలా మొదలుపెట్టాలి అంటారా? మొదటి ఏడాది మోడల్ చేతికి పగ్గాలు ఇవ్వకండి. మీ పద్ధతిలో మీరు జాబితా వేయండి, మోడల్‌తో ఇంకో జాబితా వేయండి, రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఉన్న రోడ్లని ఒక్కొక్కటే డీఈలతో, అదే ఏఈల పై ఇంజనీర్లతో, కూర్చుని చూడండి. సగంచోట్ల మోడల్‌కి తెలియని సంగతి బయటపడుతుంది, కల్వర్టు కుంగిందనో, కోర్టు కేసు ఉందనో. దాన్ని షరతుగా ఎక్కించండి. మిగతా సగంలో అలవాటు తప్ప వేరే కారణం దొరకదు.

ఇక నిధులు ఎప్పుడు ఎంత వస్తాయో తెలియని రాష్ట్రాల్లో ఉన్నాం కాబట్టి ఒక్క జాబితా వేయకండి, మూడు వేయండి. వస్తాయన్న దాంట్లో 70 శాతానికి ఒకటి, మొత్తానికి ఒకటి, 120 శాతానికి ఒకటి. మన లెక్కలో 210 లక్షలకి వచ్చేవి ‘చ’, ‘ట’. 300 కి ‘చ’, ‘ట’, ‘త’ ఓవర్‌లే. 360 కి వాటితో పాటు ‘ప’. ‘చ’, ‘ట’ మూడింట్లోనూ ఉన్నాయి. వాటికి ఎస్టిమేట్లు, సాంక్షన్లు ఇప్పుడే పూర్తి చేసి టెండర్లు పిలిచేయండి, డిసెంబరులో తారు పడాలి. ‘త’ కి ఎస్టిమేటు సిద్ధంగా ఉంచి, రెండో విడత విడుదలయ్యాక పిలవండి. ‘ప’ కి ఈలోగా పగుళ్లు పూడ్చి ఉంచండి. జనవరి చివరికల్లా అదనపు నిధులు వస్తే మైక్రో సర్ఫేసింగ్ మార్చిలోపు అయిపోతుంది, రాకపోతే వచ్చే ఏటి లెక్కలోకి పీసీఐ మళ్లీ కొలిచాకే ఎక్కించండి, పాత 72 వేసి కాదు.

నా దగ్గర ఈ ఐదు రోడ్ల ఎక్సెల్ షీటు ఉంది, 48 దారులూ వేసి పెట్టాను. కావాల్సినవాళ్లు పెన్‌డ్రైవ్ ఇవ్వండి. ఇక ప్రశ్నలు అడగండి.